పది శాతం వడ్డీయే అన్నారా? ఈ లెక్క చూడండి

ప్రశ్న: నా జీతం 24 వేలు. ఆఫీసుకు రానుపోను రోజూ 40 కిలోమీటర్లు. చేతిలో 50 వేలు ఉన్నాయి. 100 సీసీ బండి ఆన్ రోడ్ 85 వేలు అవుతోంది. షోరూమ్ వాళ్లేమో డిస్క్ బ్రేకు, బ్లూటూత్ ఉన్న 125 సీసీ తీసుకోండి, 1.15 లక్షలు, 15 వేలు కడితే చాలు, మిగతా లక్ష మూడేళ్ల ఫైనాన్స్, వడ్డీ పది శాతమే అంటున్నారు. ఏది కొనమంటారు?

జవాబు: 100 సీసీనే కొనండి.

ముందు ఆ పది శాతం సంగతి చూద్దాం. అది ఫ్లాట్ రేటు. అంటే మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా, వడ్డీ మాత్రం మూడేళ్లూ మొత్తం లక్ష మీదే వేస్తారు. వడ్డీ 30 వేలు, ఈఎంఐ దాదాపు 3,611. తగ్గే బాకీ మీద లెక్కేస్తే ఇది 18 శాతానికి దగ్గర. అదే 85 వేల బండికి మీరు 35 వేలు కట్టి, 50 వేలు బ్యాంకులో 12 శాతం వడ్డీకి, అదీ తగ్గే బాకీ మీద వేసే లెక్కన, రెండేళ్లకు తీసుకుంటే ఈఎంఐ సుమారు 2,354, మొత్తం వడ్డీ ఆరున్నర వేలు. పైగా 15 వేలు మీ ఖాతాలోనే ఉంటాయి. ఆ డబ్బు జోలికి మాత్రం వెళ్లకండి, ఉన్నట్టుండి ఆసుపత్రి ఖర్చు వస్తే అదే దిక్కు.

ఇక ఫీచర్లు. సెల్ఫ్ స్టార్ట్, అల్లాయ్ వీల్స్, ట్యూబ్‌లెస్ టైర్లు ఉన్న వేరియంట్‌కు కొంచెం ఎక్కువ పెట్టినా తప్పులేదు, మేకు దిగినా ట్యూబ్‌లెస్ టైరులో గాలి ఒక్కసారిగా పోదు కాబట్టి మెకానిక్ దాకా మెల్లగా వెళ్లిపోవచ్చు. బ్రేకుల గురించి టెన్షన్ అక్కర్లేదు. 2019 ఏప్రిల్ నుంచి చిన్న బండ్లకూ కనీసం సీబీఎస్ తప్పనిసరి, అంటే వెనక బ్రేకు తొక్కితే ముందుది కూడా కొంత పడుతుంది. బ్లూటూత్ మీటరు అంటారా, ఫోన్ ఎవరు చేశారో బండి మీద తెలుసుకుని ఏం చేస్తారు! రోజూ వెనక మనిషిని ఎక్కించుకుని హైవే మీద వెళ్లేవాళ్లయితే 125 సీసీకి అర్థం ఉంది, అప్పుడైనా అందులో బేస్ మోడల్ చాలు.

కొటేషన్ కాగితం ఇంటికి తెచ్చుకుని ఒక్కో లైనూ చదవండి. శారీ గార్డుకు విడిగా డబ్బులు వేశారా? అది నిబంధనల ప్రకారం బండితో పాటే రావాలి. "హ్యాండ్లింగ్" అని రాశారా? దేనికో అడగండి, చాలా చోట్ల అడిగితే చాలు, తీసేస్తారు. కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (మీ బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి బీమా) తప్పనిసరి, కానీ డీలర్ దగ్గరే తీసుకోవాలని ఎక్కడా లేదు, బయట రేటు కనుక్కోండి. మీ పేరు మీద ఇప్పటికే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ (మీకే ప్రమాదం జరిగితే వచ్చే బీమా) ఉంటే దాన్ని మళ్లీ కొననక్కర్లేదు.

లోను తీరాక చాలామంది ఒక పని మర్చిపోతారు. బ్యాంకు నుంచి ఎన్‌ఓసీ (బాకీ లేదన్న పత్రం), ఫారం 35 తీసుకుని ఆర్‌సీలో హైపోథికేషన్ (బండి బ్యాంకు తాకట్టులో ఉందన్న నమోదు) తీయించుకోండి, లేకపోతే బండి అమ్మే రోజున ఆ కాగితాల కోసం తిరగాల్సి వస్తుంది.