తాబేళ్ల మీద రాసే అమ్మాయికి

అమ్మాయీ,

శ్రీకాకుళం తీరంలో తాబేళ్ల గుడ్లు కాపాడే కుర్రాళ్ల మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. మనసు పెట్టి రాశావు. కానీ వాళ్లు చేసే పనే ఎక్కడా కనబడలేదు. 'ప్రకృతి ప్రేమికులు', 'నిస్వార్థ సేవ' అన్నావు. రాత్రంతా ఏం చేస్తారో చెబితే ఆ మాటలు పాఠకుడే అనుకుంటాడు.

తల్లి తాబేలు ఇసుక మీద ఈడ్చుకుంటూ పోయిన జాడ వెతుకుతారు. కుక్కలూ నక్కలూ తవ్వకముందే గొయ్యి పట్టుకోవాలి. వందకు అటూఇటూగా ఉండే గుడ్లను ఒక్కొక్కటే, దొర్లకుండా, పైవైపు పైకే ఉండేలా తీసి, కంచె వేసిన చోట అంతే లోతున పూడుస్తారు. ఎందుకంత జాగ్రత్తో కూడా రాయి. గుడ్డు పెట్టిన కొన్ని గంటల్లోనే పిండం లోపలి పొరకు అంటుకుంటుంది. ఆ తర్వాత గుడ్డు తిరగబడితే పిల్ల దక్కదు. ఇసుక వేడిని బట్టే అది ఆడో మగో తేలుతుంది. ఆ చేతుల దగ్గర ఒక పేరా ఆగు, తొందరలేదు.

మత్స్యకారులను దోషుల్లా నిలబెట్టడం నాకు నచ్చలేదు. పడవ ఈడ్చుకుపోయే ట్రాల్ వలలో చిక్కిన తాబేలు ఊపిరాడక చచ్చిపోతుంది, నిజమే. కానీ మన దగ్గర వేట నిషేధం మొదలయ్యేది ఏప్రిల్ 15న. ఈ ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఎక్కువగా ఒడ్డెక్కేది జనవరి నుంచి మార్చి దాకా. ఆ నెలల్లోనూ వల వెయ్యొద్దంటే ఇల్లెలా గడవాలి? తాబేలు తప్పించుకునే చట్రం వలకు బిగిస్తే చేపలూ పోతాయని వాళ్ల భయం. ఆ గొంతు కూడా వినబడాలమ్మా. గుడ్లు పెట్టిన చోటు చూపించేదీ చాలాసార్లు ఆ ఊరివాళ్లే.

మన జిల్లాలోనే పక్షులు గూళ్లు పెట్టే ఊరు తేలినీలాపురం. అక్కడి పక్షులు సైబీరియా నుంచి వస్తాయని రాసేశావు. అందరూ అలాగే రాస్తున్నారు. అక్కడ గూళ్లు పెట్టే గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు మన దేశంలో, ఈ చుట్టుపక్కల దేశాల్లో తిరిగేవే. సైబీరియా నుంచి వలస వచ్చేవి ఇక్కడ చలికాలం గడిపి, పిల్లలు పెట్టడానికి తిరిగి అక్కడికే పోతాయి. ఆ వాక్యం కొట్టెయ్.

తర్వాత మన జిల్లా తోటల సీమ ఉద్దానంలోని ఎలుగుబంట్ల మీద రాస్తానన్నావు. రాయి. తెల్లారకముందే జీడితోటకు వెళ్లే మనిషి టెన్షన్ ఏమిటో ముందు కూర్చుని విను.

ఇంకొక్కటి. గుడ్లు ఎక్కడున్నాయో గుర్తుపట్టే ఫొటో వ్యాసంతో పెట్టకు. తిరగరాసి పంపు, చూస్తాను.