పైలట్ ఉద్యోగం లాంగ్ టర్మ్‌లో సేఫేనా?
ఇంటర్ ఎంపీసీ అయ్యాక పైలట్ అయితే ముందుముందు ఎలా ఉంటుందని అడిగారు కదా. డిమాండ్ గట్టిగానే ఉందండి, 2023లో ఇండిగో 500, ఎయిరిండియా 470 విమానాలు ఆర్డర్ పెట్టాయి, అవన్నీ రావడానికే ఏళ్లు పడుతుంది. ఇబ్బందంతా మొదట్లోనే, 200 గంటలు ఎగిరి సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) తెచ్చుకున్నా, ఒక్కో రకం విమానానికి విడిగా చేయాల్సిన టైప్ రేటింగ్‌కి మళ్ళీ లక్షలు పోయాలి, అప్పటికీ కో-పైలట్ సీటు కోసం ఏళ్లు ఎదురుచూసినోళ్లున్నారు. 1500 గంటలు దాటి ఏటీపీఎల్ (కెప్టెన్ అవ్వడానికి కావాల్సిన పై లైసెన్స్) వచ్చి కెప్టెన్ అయితే ఇక జీతానికి దిగుల్లేదు, 65 ఏళ్లు వచ్చేదాకా ఎగరొచ్చు. కాకపోతే మధ్యలో మెడికల్ టెస్ట్ ఫెయిలైతే ఇంట్లో కూర్చోవాల్సిందే, పైగా 2019లో జెట్ ఎయిర్‌వేస్, 2023లో గోఫస్ట్ ఆగిపోయినప్పుడు సీనియర్లూ రోడ్డున పడ్డారు. ఫీజు కట్టకముందే క్లాస్ 1 మెడికల్ (పైలట్లకి తప్పనిసరి ఆరోగ్య పరీక్ష) చేయించుకోండి, పొలం అమ్మి మాత్రం దిగొద్దు.