తేనీరులో తేనె ఉందా? వగరు చేదా?

సందేహం: నమస్కారమండీ. మాది విజయనగరం, గంటస్తంభానికి దగ్గర్లో ఉంటాం. లండన్‌లో ఉంటున్న మా అబ్బాయి సెలవులకు వస్తూ, అక్కడ క్రిస్మస్ రోజుల్లో అమ్మే మసాలా బ్లాక్ టీ డబ్బా ఒకటి తెచ్చాడు. టీ ఆకుతో పాటు నారింజ తొక్క, దాల్చిన చెక్క, లవంగం, యాలకులు, అనాసపువ్వు అందులో ఉన్నాయి. భోగి పొద్దున్న ఇంటికి వచ్చినవాళ్లకు అదే ఇచ్చాం. మా కాలనీ వాళ్లం తెచ్చే ఉగాది సంచికకు దాని గురించి రాయమన్నారు. డబ్బా మీది ఇంగ్లీషును తెలుగు చేసి ఇలా రాశాను: ‘శీతాకాల ఉదయాలకై రూపొందించబడిన ఈ నల్ల తేనీటి మిశ్రమం నారింజ, లవంగాల స్వరాలను కలిగి, వగరైన ముగింపును ఇస్తుంది. అందరూ సేవించండి.’ తేనీరంటే తేనె కలిపిన నీళ్లని, ఇక్కడ ఆ మాట తప్పని మా ఆడపడుచు అంటున్నారు. ‘స్వరాలు’ చదివి మావారు ఒకటే నవ్వు. దాల్చిన చెక్కను కలిపి రాయాలా, విడదీయాలా? వగరుకు బదులు చేదు అంటే బాగుంటుందా? మీరూ రుచి చూస్తారని కొంచెం ఆకు పొట్లం కట్టి పంపుతున్నాను.

సమాధానం: పొట్లం అందిందమ్మా. చెంచాడు ఆకు గాజు గ్లాసులో వేసి, తెర్లుతున్న నీళ్లు పోసి, సాసరు మూతపెట్టి నాలుగు నిమిషాలు ఆగాను. పాలు పోయలేదు, పంచదార వేయలేదు. కాబట్టి ఈ జవాబులో నిఘంటువులు చూసి చెప్పేవి కొన్ని, నాలుకను అడిగి చెప్పేవి కొన్ని.

ముందు మీ ఆడపడుచుగారి మాట చూద్దాం. తేనీరులో తేనె లేదు. తేనె అనే మాట మరో మాటతో కలిసినప్పుడు సాధారణంగా తన చివరి ‘నె’ను వదులుకోదు. తేనెపట్టు, తేనెతుట్టె, తేనెటీగ, తేనెకళ్లు, అన్నిటిలోనూ అది భద్రంగా ఉంది. తేనె కలిపిన నీళ్లు తేనెనీళ్లే అవుతాయి. పోనీ, కన్నీరులో కన్ను చివరి అచ్చు పోయినట్టు ఇక్కడా పోయిందని వాదిద్దామా అంటే, అప్పుడు రెండు నకారాలు మిగిలి ‘తేన్నీరు’ కావాలి. మనం రోజూ అనే వేన్నీళ్లు, చన్నీళ్లు చూడండి, ఆ జంట నకారం ఎంత గట్టిగా వినిపిస్తుందో. తేనీరులో ఉన్నది ఒక్క నకారం. అది నీరు తాలూకుది. ఇక మిగిలింది ‘తే’.

ఆ ‘తే’ చైనాది. ఆగ్నేయ చైనాలోని ఫుజియన్ తీరం వాళ్లు, అమోయ్ రేవు వాళ్లు ఈ ఆకును అలాగే పిలుస్తారు. ఓడల మీద సరుకు తీసుకుపోయిన డచ్చి వర్తకులతో ఆ మాట ఐరోపా చేరి, ఇంగ్లీషులో చివరకు ‘టీ’ అయింది. చైనాలో తక్కిన ప్రాంతాలు ఎక్కువగా పలికే ‘చా’ నేలదారిన పారశీకం వెళ్లి ‘చాయ్’గా మారి, ఉర్దూ మీదుగా తెలంగాణకు వచ్చింది. అంటే విజయనగరంలో అడిగే టీ సముద్రం మీద వచ్చిన మాట, వరంగల్‌లో అడిగే చాయ్ కొండలూ ఎడారులూ దాటి వచ్చిన మాట. ‘తే’కు ఆకు చేరినప్పుడు రెండు అచ్చుల మధ్య యకారం వచ్చి తేయాకు అయింది, నీరు చేరి తేనీరు అయింది. తమిళంలో తేయిలై, తేనీర్ అన్నవీ ఇదే కట్టుబడి. కనుక మాట తప్పు కాదు.

అయితే తప్పు కానంత మాత్రాన వాడి తీరాలని లేదు. తేనీరు పత్రికల మాట. గవర్నరుగారి బంగళాలో తేనీటి విందు జరుగుతుంది, రైల్వే స్టేషన్ బయట టీ దొరుకుతుంది. ఇంట్లో ఎవరూ ‘తేనీరు పెట్టనా?’ అని అడగరు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి 1863లో పుట్టింది మీ పక్క జిల్లాలోని పర్వతాలపేటలో. ఆ పోరాటం చేసిన నేల మీద నిలబడి, నలుగురూ అనే ‘టీ’ని రాయడానికి మొహమాటం దేనికి?

‘నల్ల’ దగ్గర మాత్రం నాకు నిజంగానే పేచీ ఉంది. బ్లాక్ టీ అన్న మాటకు మన దగ్గర రెండు అర్థాలు నడుస్తున్నాయి. టీకొట్టు దగ్గర బ్లాక్ టీ అంటే పాలు పోయనిది. టీ వర్తకంలో బ్లాక్ టీ అంటే ఒక రకం ఆకు. కోసిన ఆకును వాడబెట్టి, నలిపి, గాలి తగలనిస్తే ఆక్సీకరణ జరిగి అది నల్లబడుతుంది. గ్రీన్ టీకి అలా నల్లబడనివ్వకుండా ముందే వేడి చూపిస్తారు. మీ అబ్బాయి తెచ్చిన డబ్బా మీద ఉన్నది ఈ రెండో అర్థం. మన టీకొట్లలో పాలలో మరిగే గుళికల్లాంటి సీటీసీ పొడి (ఆకును యంత్రంలో నలిపి, చింపి, చుట్టినది) కూడా ఈ లెక్కన బ్లాక్ టీయే, ఎన్ని పాలు పోసినా సరే. చైనావాళ్లు ఇదే టీని ‘ఎర్ర టీ’ అంటారు. వాళ్లు గ్లాసులోకి చూసి పేరు పెట్టారు, ఇంగ్లీషువాళ్లు డబ్బాలోకి చూసి పెట్టారు. నా గ్లాసులో దిగిన రంగు ముదురు ఎరుపే. అంచుల దగ్గర కాస్త నారింజ రంగు కూడా ఉంది, నలుపు మచ్చుకైనా లేదు. అందుకని ఆకు గురించి చెప్పేటప్పుడు ‘నల్ల తేయాకు’ అనండి, అది నిజం. గ్లాసులోది ‘పాలు పోయని టీ’ అనండి, లేదా మన ఇళ్లలో అనేట్టు డికాషన్ అనండి. ‘నల్ల తేనీరు’ అంటే మాత్రం చదివినవాళ్ల కళ్లకు ఏదో బురదనీరు కనబడుతుంది.

దాల్చినచెక్కను కలిపే రాయాలి. విడదీస్తే ‘రూపు దాల్చిన’, ‘మౌనం దాల్చిన’ అన్నట్టు ఆ చెక్క ఏదో దాల్చినట్టు వినిపిస్తుంది. దీనికి దాల్చు క్రియతో చుట్టరికమే లేదు. పారశీకంలో దార్ అంటే చెట్టు, చెక్క. చీనీ అంటే చైనాది. ఆ దార్‌చీనీ తెలుగు నోట్లో పడేసరికి రేఫ లకారమై, మనకు తెలిసిన క్రియ పోలిక తెచ్చుకుంది. చెక్క అన్న అర్థం అందులోనే ఉందని తెలియక వెనక ఇంకో చెక్క తగిలించాం. ఇప్పుడు దాన్ని తీసేయమని ఎవరూ అడగరు లెండి. మన కిరాణా కొట్లలో ఎక్కువగా అమ్మే మందపాటి చెక్క చైనా జాతి కాసియా కాబట్టి, పేరు ఆ మేరకు సరుకుతో సరిపోయింది కూడా. సిలోన్ చెక్క వేరు. పలచగా, పొరలు పొరలుగా చుట్టుకుని, వేళ్లతో నలిపితే పొడిపొడి అవుతుంది. మీ పొట్లంలో ఉన్నది అదే.

అనాసపువ్వు గురించి మీరు అడగలేదు. కానీ సీతంపేట కొండల అనాసపళ్లు సంతలో కనబడే ప్రాంతంలో ఉన్నారు కనుక చెబుతున్నాను. ఆ పండుకూ ఈ పువ్వుకూ సంబంధం లేదు. అనాసపండు దక్షిణ అమెరికాది, పేరు పోర్చుగీసువాళ్లతో వచ్చింది. అనాసపువ్వు దక్షిణ చైనాలో, వియత్నాంలో పెరిగే ఒక చెట్టుది. పైగా అది పువ్వే కాదు, ఎండిన కాయ. మీ జాబితాలో నిజంగా పువ్వు కాబోయినది లవంగం ఒక్కటే, అది విచ్చుకోకముందే ఎండబెట్టిన మొగ్గ. యాలకులు, ఏలకులు రెండూ ఒప్పే. ఏతాన్ని యాతం అన్నట్టే ఇదీ.

ఇక వగరు. అమ్మా, మీ రెండు వాక్యాల్లో అచ్చంగా సరైన మాట అదొక్కటే. దాన్ని దయచేసి చేదు చేయకండి. చేదు నాలుకకు తెలిసే రుచి. కాకరకాయది చేదు, వేపపువ్వుది చేదు. వగరు నోటికంతటికీ తెలిసే పట్టు. పలాస వైపు జీడిమామిడి తోటల్లో పండు కోసుకుని కొరికినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. రసం తియ్యగానే ఉంటుంది, మరుక్షణం నాలుక మొద్దుబారి, బుగ్గల లోపలి చర్మం దగ్గరకు లాగినట్టవుతుంది. పచ్చి అరటికాయ కోసిన చేతులకు అంటే జిగురులోనూ, లేత జామకాయలోనూ ఉండేది ఈ గుణమే. తేయాకులోని పాలీఫినాల్ పదార్థాలు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేసుకుంటాయి. నోటిలో జారుడు తగ్గి, పొడిబారినట్టుంటుంది. ఆకును ఎక్కువసేపు నీళ్లలో వదిలేస్తే వగరు ముదిరి, దానికి చేదు తోడవుతుంది. మీ టీ రెండోసారి పెట్టినప్పుడు, ఫోను మాట్లాడుతూ గ్లాసు మరిచిపోయిన పుణ్యాన ఆ రెంటికీ తేడా నాకు స్పష్టంగా తెలిసింది.

సంస్కృతంలో ఈ వగరుకే కషాయమని పేరు. మధురం, ఆమ్లం, లవణం, కటువు, తిక్తం, కషాయం అని ఆయుర్వేదం లెక్కపెట్టే ఆరు రుచుల్లో చివరిది. బెరళ్లూ ఆకులూ మరిగించి తీసిన నీరూ కషాయమే, ఆ రంగు పట్టిన గుడ్డ కాషాయం. శాస్త్రప్రకారం మీ గ్లాసులో ఉన్నది అన్ని విధాలా కషాయమే గానీ, భోగి పొద్దున్న గుమ్మంలోకి వచ్చినవాళ్లను ‘కషాయం తాగుతారా?’ అని అడిగితే రెండో మాట వినకుండా వెనక్కి తిరుగుతారు. తెలుగింట్లో కషాయం జ్వరానికి చుట్టం. ఇదే జాబితాలో ఇంకో చిక్కుంది. కటువు అంటే కారం, తిక్తం అంటే చేదు. కటు నుంచి వచ్చిన ‘కడ్వా’ హిందీలో చేదైపోవడంతో మనవాళ్లు చాలామంది ఈ రెంటినీ తారుమారు చేస్తుంటారు.

మీవారి నవ్వుకు కారణమైన ‘స్వరాల’ దగ్గరకు వద్దాం. ఇంగ్లీషువాళ్లు సంగీతం నుంచి ‘నోట్స్’ అన్న మాట అరువు తెచ్చుకుని అత్తర్లకూ టీలకూ వాడుకుంటున్నారు. వాళ్లకు అది చెల్లింది. మీ ఊళ్లో 1919లోనే సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసును తొలి ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టారు. స్వరాలకు కొదవలేని ఊరు మీది, వాటిని టీలో వెతుక్కోనక్కర్లేదు. అసలు ఇబ్బంది ఆ ఒక్క మాటతో కాదు. ఇంగ్లీషు రుచిని నామవాచకాలతో చెబుతుంది, తెలుగు క్రియలతో చెబుతుంది. ఉప్పు ‘సరిపోయింది’ అంటాం, ‘కొడుతోంది’ అంటాం, ముక్కకు ‘పట్టింది’ అంటాం. కొట్టడమంటే మోతాదు మించడం, పట్టడమంటే లోపలికి ఇంకడం. ఏలకి ‘తగిలింది’ అంటే ఉందా లేదా అన్నంత ఉండటం. వాసన గుప్పుమంటుంది, మిరియం చురుక్కుమంటుంది, ఆవఘాటు నషాళానికి అంటుతుంది. డికాషన్ దిగుతుంది. ఎంత మోతాదు, నోట్లో ఎక్కడ, ఎప్పుడు అన్నది ఈ చిన్న క్రియలే చెప్పేస్తాయి. ‘స్వరాలను కలిగి’, ‘ముగింపును ఇస్తుంది’ అన్నప్పుడు మీ వాక్యంలో కలిగి ఉండటం, ఇవ్వడం తప్ప రుచికి పనికొచ్చే క్రియ ఒక్కటీ లేకపోయింది.

కారం, ఘాటు కూడా ఒకటి కావు. కారం నాలుకను మండిస్తుంది, ఘాటు ముక్కుకెక్కుతుంది. మీ టీలో లవంగానిది ఘాటు. కారం అసలు లేదు, శొంఠో మిరియాలో పడితే ఉండేది. కనుక ‘కారపు టీ’ అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. మసాలా టీ అంటే చాలు. ‘మిశ్రమం’ కూడా తీసేయండి, అది సిమెంటుకూ మందులకూ బాగుంటుంది. ‘ఉదయాలకై’లోని ‘కై’, ‘రూపొందించబడిన’లోని ‘బడు’ పోయినా ఎవరికీ నష్టం లేదు.

నేను తాగినదాన్ని బట్టి నాకు తోచిన వాక్యాలు ఇవి. నచ్చితే ఉంచుకోండి, లేదా మీ నాలుక చెప్పినట్టు మార్చుకోండి: ‘చలికాలం పొద్దున్నే తాగడానికి బాగుండే పండగ మసాలా టీ ఇది. మూత తీయగానే నారింజ తొక్క వాసన గుప్పుమంటుంది. పంచదార వేయకపోయినా మొదటి గుక్కలో దాల్చినచెక్క తియ్యదనం తగులుతుంది, వెనకే లవంగం ఘాటు ముక్కుకెక్కుతుంది. గొంతు దిగాక నాలుక మీద కాసేపు వగరు నిలుస్తుంది.’ యాలకులు ఉన్నాయని రాశారు గానీ నాకు తగల్లేదు. అనాసపువ్వు వాటిని మింగేసినట్టుంది.

చివరగా, ‘సేవించండి’. మందు సేవిస్తారు, మద్యం సేవిస్తారు. మీ ఊరి నుంచి శ్రీకాకుళం వెళ్లే దారిలో ‘మద్యం సేవించి వాహనం నడపరాదు’ అన్న బోర్డులు చూసే ఉంటారు. ‘తీసుకోండి’ ఇప్పుడు అంతటా వినిపిస్తున్నదే, దాన్ని తప్పుపట్టను. నన్నడిగితే మాత్రం ‘పుచ్చుకోండి’ అని రాయమంటాను. సంచిక చదివేది ఇరుగుపొరుగే కనుక ‘తాగి చూడండి’ అన్నా ఎవరూ ఏమీ అనుకోరు.