గంటల లెక్కన ఏరేటర్లు: ముందు వైండింగ్ షాపుతో కూర్చో

చిరంజీవి మేనల్లుడికి మావయ్య దీవెనలు.

భీమవరం రొయ్యల చెరువులకి ఏరేటర్లు, అంటే నీళ్ళు చిలికి ఆక్సిజన్ కలిపే యంత్రాలు, అమ్మకుండా, తిరిగిన గంటల లెక్కన అద్దెకిచ్చి సర్వీసు కూడా చూస్తానన్నావు. పద్ధతి పాతదే. 1962లోనే బ్రిటన్‌లో విమాన ఇంజిన్లు చేసే బ్రిస్టల్ సిడ్లీ కంపెనీ వాళ్ళు వైపర్ జెట్ ఇంజిన్ల సర్వీసుకి ఎగిరిన గంటల చొప్పున డబ్బు తీసుకున్నారు. కాకపోతే విమానం షెడ్డుకి వస్తుంది, చెరువు రాదు. రాత్రంతా నాచూ రొయ్యా కలిసి ఆక్సిజన్ లాగేశాక తెల్లవారుజామునే గండం. ఆ వేళకి నీ ఫ్యాక్టరీ మెకానిక్ గట్టు మీదకి చేరలేడు. ఊళ్ళో వైండింగ్ షాపువాడే చేరగలడు.

అతనికి రిపేరుకింత అని ఇవ్వకు. మోటారు ఎన్నిసార్లు కాలితే అన్నిసార్లు అతనికి లాభం. ఏరేటరుకి నెలకింత అని మాట్లాడుకో, గేర్ ఆయిల్ సంగతి అతనే గుర్తుపెట్టుకుంటాడు. ఇరవై ఏరేటర్లకి ఒక నిండు సెట్టు, అంటే మోటారు, గేర్‌బాక్సు, ఆయిల్ సీళ్ళు, రెక్కల చక్రాలు, నీ ఖర్చుతో అతని షాపులో ఉంచు. చీకట్లో గట్టు మీద విప్పడాలు వద్దు. మార్చేసి, పాడైంది షాపుకి తెచ్చుకోవాలి.

తగువంతా కాలిన మోటారు దగ్గరే. నువ్వూ, రైతూ, షాపువాడూ ముగ్గురూ ఉండగా విప్పించు. మోటారులో మూడు ఫేజుల చుట్లని కలిపే పద్ధతులు రెండు, స్టార్, డెల్టా. స్టార్ కనెక్షన్‌లో రెండు ఫేజుల చుట్లు మాడి మూడోది మెరుస్తుంటే కరెంటులో ఒక ఫేజు పోయినట్టు. డెల్టాలో అయితే ఒక్కటే మాడుతుంది. మూడూ సమంగా నల్లబడితే లో వోల్టేజీ, లేదా రెక్కలకి తాడు చుట్టుకుని లోడు పెరిగుంటుంది. లోపల ఉప్పు మరకలుంటే ఆయిల్ సీలు పోయింది, అది నీ ఖాతా. గేర్ ఆయిల్ పాలలా తెల్లబడినా అంతే. ప్యానెల్లో సింగిల్ ఫేజ్ ప్రివెంటర్, అంటే ఒక ఫేజు పోతే మోటారుని ఆపేసేది, పెట్టి ఎవరూ తెరవకుండా ముద్ర వెయ్యి. ముద్ర తెంచి, ప్రివెంటర్ని తప్పించి కరెంటు డైరెక్ట్ చేస్తే రైతు ఖాతా అని కాగితం మీద ఉండాలి.

వసూలు మేత డీలరుకి అప్పగించు. రైతుకి డబ్బు రొయ్యల పట్టుబడి రోజే, అంటే ఇంచుమించు నాలుగు నెలలకి. ఎలాగూ మేత అప్పు అక్కడే తీరుస్తాడు. మొండి బాకీలో ఎవరి వాటా ఎంతో ముందే రాసుకో. గంటలు లెక్కపెట్టే మీటరు రీడింగు మాత్రం డీలరు చేతిలో పెట్టకు. పదిరోజులకోసారి రైతు ఎదుటే ఫొటో తీయించు. రొయ్య పిల్ల వేసిన కొత్తలో ఏరేటర్లు తక్కువ తిరుగుతాయి గనక నెలకి కనీస గంటలు పెట్టు.

రొయ్య చస్తే పూచీ ఎవరిదని అడుగుతారు. ఆ నెల అద్దె వదులుకోవడం వరకే ఒప్పుకో.

మొదటి పంటకి ఒకే ఊరు, నలభై ఏరేటర్లు. ఆ షాపువాడు ఒక రాత్రిలో ఎన్ని చెరువులకి వెళ్ళగలడో తేలాకే రెండో ఊరి మాట.

ఇట్లు,
మావయ్య