వారానికోసారి వచ్చే నాన్నకి బిడ్డ దగ్గరవుతుందా?

మీరు బెంగళూరులో ఉద్యోగం చేస్తూ శనివారం రాత్రి తిరుపతి వస్తారు, రెండేళ్ల పాప మీరు ఎత్తుకోబోగానే ఏడ్చి వాళ్ల అవ్వ వెనక దాక్కుంటోంది, ఇక నాకు దగ్గర కాదేమో అని అడిగారు. అవుతుంది. మా వాడితో నాకూ ఇదే జరిగింది కాబట్టి చెప్తున్నా.

మా నాయన పలమనేరు నుంచి చెన్నైకి టమోటా లారీ తోలేవాడు. కొట్టేవాడు కాదు, అడిగినవన్నీ తెచ్చేవాడు, కానీ ఏడిస్తే మాత్రం 'మగపిల్లోడివి, నోరు ముయ్' అని ఒక్క అరుపు. ఇప్పటికీ ఫోన్ చేస్తే 'తిన్నావా నాయనా', 'ఆ, మీ అమ్మకిస్తా ఉండు', అంతే మా మాటలు. ప్రేమ లేక కాదు, బాధ కలిగితే ఆయన దగ్గరికి పోయే అలవాటే మాకు పడలేదు.

ఒక్కసారి మాత్రం, నాకు తొమ్మిదేళ్లప్పుడు, అలిపిరి నుంచి నడిచి కొండకి పోతూ మోకాళ్ల పర్వతం దగ్గర నావల్ల కాదని ఏడ్చేశా. అరుస్తాడనుకున్నా. మెట్టు మీద కూర్చుని నా కాళ్లు ఒళ్లో పెట్టుకుని పిక్కలు పిసికాడు, జనం గోవిందా గోవిందా అంటూ దాటిపోతున్నా లేవలేదు. మా నాయన అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆ పావుగంటే.

1964లో షాఫర్, ఎమర్సన్ అనే ఇద్దరు పరిశోధకులు స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో 60 మంది పసిపిల్లల్ని గమనించి రాశారు. ఏడాదిన్నర వయసుకి నలుగురిలో ముగ్గురు నాన్నకి కూడా దగ్గరయ్యారు. ఎవరికి ఎక్కువ అతుక్కుపోయారన్నది పక్కన ఎన్ని గంటలు ఉన్నారన్నదాని కంటే, ఏడ్చినప్పుడు ఎవరు వెంటనే పలికారన్నదాన్ని బట్టే ఉంది. మీకు తక్కువున్నది గంటలే కదా!

నేను రాగానే ఎత్తుకోవడం మానేశా. బ్యాగు పక్కన పడేసి చాప మీద కూర్చుంటే గంటకో గంటన్నరకో వాడే బొమ్మ లారీ తోసుకుంటూ వచ్చేవాడు. ఆ రెండు రోజులూ స్నానం, రాత్రి అన్నం నా పనే. అన్నిటికంటే కష్టమైంది, వాడు పడి ఏడిస్తే వెంటనే వాళ్లమ్మ చేతిలో పెట్టకుండా ఉండటం. మొదట్లో నా దగ్గర ఇంకా ఎక్కువ ఏడ్చేవాడు, మా అత్త 'ఇటియ్యి నాయనా, బిడ్డ సొమ్మసిల్లి పోతాడు' అని చేతులు చాపేది. మీ ఇంట్లో వాళ్లకి ముందే చెప్పి పెట్టండి. మరీ గుక్కపడితే అమ్మకే ఇవ్వండి, కానీ ఫోన్ పట్టుకుని బయటికి పోకుండా పక్కనే కూర్చోండి.

నాకు మూడు నెలలు పట్టింది. ఒక ఆదివారం సాయంత్రం గడప తగిలి బోర్లా పడ్డాడు, అవ్వ పక్కనే ఉన్నా లేచి నేరుగా వచ్చి నా కాలు చుట్టుకుని ఏడ్చాడు. ఆ రాత్రి బస్సు ఎక్కలేదు, తెల్లారి పోయా.