ఆర్థిక బలం ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ పనిచేయదు?

ప్రశ్న: 2025 సీజన్‌లో మా జిల్లా మామిడి గుజ్జు పరిశ్రమలు, పాత నిల్వలు పేరుకుపోయాయంటూ తోతాపురి మామిడి కాయ కొనడానికి వెనకాడాయి. అదే ఏడాది అమెరికా మన సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచింది. పెద్ద ఆర్థిక వ్యవస్థల్లో మనదీ ఒకటని చెబుతున్నప్పుడు, మనమీద ఇంత ఒత్తిడి ఎలా తేగలుగుతున్నారు? దేశాల మధ్య ఆర్థిక బలం అంటే అసలేమిటి?
– ఒక పాఠకుడు, బంగారుపాళెం, చిత్తూరు జిల్లా

జవాబు: ముందుగా ఒక విషయం విడదీసి చూడాలి. తోతాపురి ధర పడిపోయి, కిలోకు 12 రూపాయలు అందేలా ప్రభుత్వం 4 రూపాయలు తాను భరించి, మిగిలిన 8 రూపాయలు పరిశ్రమలు చెల్లించాలని నిర్ణయించింది జూన్‌లో. 50 శాతం సుంకం అమలులోకి వచ్చింది ఆగస్టు 27న. కాబట్టి రైతు నష్టానికి ఆ సుంకాన్ని కారణంగా చూపడం సరికాదు. అయితే మీరడిగిన అసలు ప్రశ్నకు జవాబు ఆ గుజ్జు వ్యాపారంలోనే కొంత కనబడుతుంది. విదేశీ కొనుగోలుదారుకు గుజ్జు మెక్సికో నుంచి కూడా దొరుకుతుంది. మీ రైతుకు మాత్రం పండిన కాయను నాలుగు రోజులు ఆపుకునే వీలు లేదు. దేశాల మధ్య కూడా సంపద మొత్తం ఎంతన్నదాని కంటే, ఎవరు ఎవరిని వదులుకుని ఎన్నాళ్లు నెట్టుకురాగలరన్నదే ఎక్కువగా లెక్కలోకి వస్తుంది.

దీనికి 1956 నాటి సూయజ్ సంక్షోభాన్ని మించిన ఉదాహరణ నాకు కనిపించదు. ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేసిన తర్వాత బ్రిటన్, ఫ్రాన్స్, ఇజ్రాయెల్ కలిసి ఈజిప్టుపై దాడికి దిగాయి. యుద్ధరంగంలో వాటిదే పైచేయి అయినా, పౌండు విలువ నిలబెట్టడానికి బ్రిటన్ వద్ద ఉన్న డాలర్లు వేగంగా కరిగిపోయాయి. సైన్యం వెనక్కి మళ్లితే తప్ప అంతర్జాతీయ ద్రవ్యనిధి సాయానికి ఒప్పుకోబోమని అమెరికా పట్టుబట్టింది. తన మిత్రదేశంపై ఒక్క తూటా కూడా పేల్చకుండా అమెరికా ఆ యుద్ధాన్ని ఆపించింది.

మన అనుభవం కూడా తక్కువది కాదు. 1965, 1966 సంవత్సరాల్లో వరుసగా వర్షాలు లేక మనం అమెరికా గోధుమలపై ఆధారపడినప్పుడు, అధ్యక్షుడు జాన్సన్ ఏడాదికి సరిపడా ఒప్పందం చేసుకోకుండా కొద్దికొద్దిగా ఓడలు విడుదల చేయించారు. వియత్నాం యుద్ధంపై మన విమర్శ ఆయనకు రుచించలేదన్నది దాచలేని సంగతి. అదే 1998లో పోఖ్రాన్ అణుపరీక్షల తర్వాత ఆంక్షలు విధించినప్పుడు మన గోదాముల్లో ధాన్యం ఉంది, ప్రవాస భారతీయులు రిసర్జెంట్ ఇండియా బాండ్ల ద్వారా 400 కోట్ల డాలర్లకు పైగా సమకూర్చారు. ఆంక్షలు బాధించాయి గానీ మన నిర్ణయాన్ని మార్చలేకపోయాయి.

2025లోనే అమెరికా చైనాపై సుంకాన్ని 145 శాతానికి చేర్చి, మే నెలలో 30 శాతానికి దించింది. చైనా ఏప్రిల్‌లో అరుదైన ఖనిజాల ఎగుమతిపై నియంత్రణ పెట్టడం ఇందులో ముఖ్యపాత్ర వహించిందని నా అభిప్రాయం. ఆ ఖనిజాలతో చేసే, మోటార్లకు కావలసిన అయస్కాంతాలకు అప్పటికప్పుడు వేరే చోటు దొరకదు. మనకు అలాంటి పట్టు ఇంకా లేదు. మన దుస్తులను, రొయ్యలను ఇతర దేశాలు కూడా అమ్ముతాయి.

ఈ ఆయుధానికి పరిమితి కూడా ఉంది. 2022లో రష్యాకు చెందిన సుమారు 30 వేల కోట్ల డాలర్ల నిల్వలను పాశ్చాత్య దేశాలు స్తంభింపజేసినా ఉక్రెయిన్ యుద్ధం ఆగలేదు, ఎందుకంటే రష్యా చమురుకు చైనా, భారత్ కొనుగోలుదారులయ్యాయి. మనపై విధించిన 50 శాతంలో సగం ఆ చమురు కొన్నందుకే. ఒత్తిడికి లొంగాలా వద్దా అన్నది ఉపన్యాసాలతో తేలదు, వేరే మార్కెట్లు ఎంత త్వరగా దొరుకుతాయన్నదానిమీద తేలుతుంది. బ్రిటన్‌తో 2025 జులై 24న సంతకమైన వాణిజ్య ఒప్పందంలో ప్రాసెస్ చేసిన ఆహార పదార్థాలకు కూడా సుంకం రాయితీలు ఉన్నాయి. మీ జిల్లా గుజ్జు పరిశ్రమలు అందులోని నాణ్యత, మూలధ్రువీకరణ (సరుకు ఏ దేశంలో తయారైందో రుజువు చేయడం) నిబంధనలను ఇప్పటినుంచే శ్రద్ధగా చదువుకోవడం మంచిది.