జీబ్రా చేపలకు హీటరు కావాలా?

ప్రశ్న: మా రెండడుగుల అక్వేరియంలో మూడు జీబ్రా చేపలు, నాలుగు వైట్‌క్లౌడ్ చేపలు ఉండేవి. నిరుడు మే నెలలో వైట్‌క్లౌడ్‌లు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ ఒక్కొక్కటిగా చనిపోయాయి. చలికాలం వస్తోంది కనుక హీటరు కొనమని దుకాణదారు అంటున్నారు. హీటరు లేకుండా గుంపు చేపలను పెంచలేమా?
— ఒక పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: నిక్షేపంగా పెంచవచ్చు. హైదరాబాదులో ఇలాంటి తొట్టెకు చలికంటే ఎండాకాలమే పెద్ద గండం. వైట్‌క్లౌడ్ దక్షిణ చైనాలో గ్వాంగ్‌జౌ దగ్గరి బైయున్ కొండవాగుల చేప. బైయున్ అంటే తెల్లమబ్బు అని అర్థం. 16 నుంచి 22 డిగ్రీల నీళ్లు దానికి హాయి. మే నెలలో మన ఇళ్లలో తొట్టె నీళ్లు 30 డిగ్రీలు దాటుతుంటాయి. నీళ్లు వేడెక్కినకొద్దీ వాటిలో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. 15 డిగ్రీల దగ్గర లీటరు నీటిలో సుమారు 10 మిల్లీగ్రాములు ఇమిడేది, 30 దగ్గర ఏడున్నరకు పడిపోతుంది. ఆ వేడికే చేపకు ప్రాణవాయువు అవసరం మరింత పెరుగుతుంది. మీ చేపలు పైకి వచ్చి నోళ్లు తెరవడానికి బహుశా ఇదే కారణం.

జీబ్రా మన ఉపఖండపు వాగుల్లో, వరిమళ్లలో తిరిగే చేప. 18 డిగ్రీల చలికి ఓర్చుకుంటుంది, ప్రయోగశాలల్లోనైతే 28.5 డిగ్రీల దగ్గర పెంచుతారు. అయితే మూడు చాలవు. మూడే ఉన్నప్పుడు బలమైనది మిగతా రెంటినీ అదేపనిగా తరుముతుంది. ఎనిమిది ఉంటే ఆ తరుముడు ఏ ఒక్కదాని మీదా పడక, నీలిచారల గుంపు తొట్టె ఈ కొస నుంచి ఆ కొసకు కలిసి ఈదుతుంది. కొత్తవాటిని వారానికి రెండు చొప్పున వదలండి. ఇవి ఎగిరి బయట పడతాయి కనుక జాలీ మూత తప్పనిసరి.

వేసవిలో టేబుల్ ఫ్యాను గాలి నీటి పైభాగానికి తగిలేలా పెడితే, ఏప్రిల్, మే నెలల పొడిగాలికి నీరు ఆవిరై రెండు మూడు డిగ్రీలు చల్లబడుతుంది. తగ్గిన నీటిని మాత్రం రోజూ నింపాలి. మిద్దె మీది ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం చేతికే చురుక్కుమంటాయి కనుక తెల్లవారుజామున బకెట్టు పట్టి నీడన ఉంచి, క్లోరిన్ పోగొట్టే చుక్కలు కలిపి వాడండి. ఐస్ ముక్కలు వేయవద్దు. ఉన్నట్టుండి మారే వేడిని చేప తట్టుకోలేదు.

ఈ చలికాలం హీటరుకు బదులు థర్మామీటరు కొని ఉదయం ఆరింటికి చూస్తూ ఉండండి. వరసగా కొన్నాళ్లు 18కి దిగువన కనబడితేనే దుకాణదారు మాట ఆలోచించవచ్చు.